నతానియేలు కూర్చున్న పద్దెనిమిది నెలలు

నతానియేలుకి ఉద్యోగం రాకముందే, వచ్చినందుకు కృతజ్ఞత కూడిక జరిగిపోయింది. తొందరపడింది వాళ్ళమ్మ అమలమ్మ. 1996 మే నెలాఖరున పామర్రులో వాళ్ళింటికి విజయవాడ నుంచి ఒక కవరొచ్చింది. లోపల ఇంగ్లీషులో నాలుగు పేరాల ఉత్తరం. మొదటి పేరా చదివి "సెలక్టయ్యాను" అన్నాడు నతానియేలు. మిగతా మూడూ చదివేలోపల అమలమ్మ పాస్టరుగారింటికి వెళ్ళి రావడం, షామియానా వాడికి కబురు పెట్టడం, పెరట్లో ఏయే కోళ్ళ రోజులు నిండాయో తేల్చడం అయిపోయాయి.

అసలు సంగతి ఆ మూడు పేరాల్లోనే ఉంది. ఇది ఉద్యోగం కాదు, ట్రైనింగ్. గవర్నర్‌పేటలోని పంపుసెట్ల కంపెనీలో పద్దెనిమిది నెలలు పని నేర్చుకోవాలి. తీసుకునేది ఇద్దరు గ్రాడ్యుయేట్లని. చివర్న ఇద్దరిలో ఒక్కరికే ఆఫీసరుగా ప్లేస్‌మెంట్. రెండో వాళ్ళకి సర్టిఫికెట్ ఇచ్చి, నమస్కారం పెట్టి పంపించేస్తారు.

నతానియేలు తండ్రి సంజీవరావు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. కళ్ళజోడు పెట్టుకుని ఆ మూడు పేరాలూ రెండుసార్లు చదివాడు.

"ఒక్కరికే అంటే మనవాడికేగా" అన్నాడు.

కూడికలో పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ఈ బిడ్డను ఆఫీసరుగా హెచ్చించినందుకు స్తోత్రం" అన్నారు. వచ్చినవాళ్ళంతా ఆమెన్ అని, కోడికూర తిని వెళ్ళారు. ఆ మర్నాటి నుంచి పామర్రు బస్టాండులో టీ కొట్టువాడితో సహా అందరూ అతన్ని ఆఫీసరుగారూ అనే పిలిచారు. ఇక ఆ ప్లేస్‌మెంట్ రాకపోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. అందరూ కలిసి అనేసిన ఆమెన్‌ని వెనక్కి తీసుకునే పద్ధతి ఏ సంఘంలోనూ లేదు మరి. నతానియేలుకి ఆ భయం మొదటిరోజు నుంచీ ఉంది.

కంపెనీ యజమాని బసవపున్నయ్య మంచివాడే. ఆయన చేసిన పొరపాటల్లా హైదరాబాదులో ఒక సెమినారుకి వెళ్ళడం. మూడు రోజులు పెద్ద హోటల్లో ఏసీలో కూర్చోబెట్టి, మెడలో బ్యాడ్జీ వేసి, చేతికో నీలం ఫైలిచ్చి పంపించారు. "పైకొచ్చిన కంపెనీలన్నీ గ్రాడ్యుయేట్లని తీసుకుని, అన్ని డిపార్టుమెంట్లూ తిప్పి, ఆఫీసర్లుగా తయారు చేసుకుంటాయి" అని ఆ ఫైల్లో ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసరన్నవాడు లేకుండానే పంపులూ ఆయిలింజన్లూ అమ్ముకుంటున్న మనిషికి, ఉన్నట్టుండి ఆ లోటు తెలిసొచ్చింది.

జూన్ మొదటి తేదీన స్టాఫునంతా నిలబెట్టి స్కీము వివరించాడు. ఇద్దరు ట్రైనీలూ ఆర్నెల్లు కౌంటర్లో మరియదాసు దగ్గర, ఆర్నెల్లు సర్వీసు షెడ్డులో అంతోని దగ్గర, ఆర్నెల్లు స్టోర్సులో పుల్లయ్య దగ్గర పని నేర్చుకుంటారు. ఆ తర్వాత వాళ్ళలో ఒకరు ఈ ముగ్గురి మీదా ఆఫీసరవుతారు.

ఆ చివరి మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

ఆ ముగ్గురూ మధ్యాహ్నం గోదాము వెనక సమావేశమయ్యారు. ఇద్దరు ట్రైనీల్లో ఒకరు నతానియేలు, రెండో ఆమె జుబియా. వించిపేట నుంచి రోజూ సిటీబస్సులో వచ్చే అమ్మాయి, డిగ్రీ ఫస్ట్ క్లాసు. స్టోర్సు పుల్లయ్య అనుభవం మీద ఒక నిర్ణయానికొచ్చాడు.

"ఆ పిల్లకి ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసేత్తారు, ఎల్లిపోద్ది. కాబోయే ఆఫీసరు ఆ పామర్రు అబ్బాయే. రేపు మన నెత్తిన కూర్చునేవాడు. ఇయ్యాల్టి నుంచే జాగర్త పడాలి."

"అంటే ఏం చేద్దావంటా?" అన్నాడు అంతోని.

"కొత్తల్లుణ్ణి ఎట్టా చూత్తావో అట్టా చూడు."

మన జిల్లాలో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. కొత్తల్లుడు కుర్చీలోంచి లేవకూడదు. మంచినీళ్ళ గ్లాసు తనంతట తను ముంచుకోకూడదు. వద్దన్నకొద్దీ వడ్డించాలి. ఎవరింట్లోనైనా ఈ మర్యాద మూడు రోజులు నడుస్తుంది, మహా అయితే పదహార్రోజుల పండగ దాకా. పుల్లయ్య ముఠా దాన్ని ఏడాదిన్నర నడిపించింది.

కౌంటర్లో మరియదాసు తన సొంత కుర్చీ, మెత్తతో సహా, నతానియేలుకిచ్చి తను నుంచున్నాడు. నతానియేలు బిల్లు పుస్తకం మీద చెయ్యి వేస్తే, "మీకెందుకండీ ఈ తలనొప్పి, మీరట్టా కూర్చుని చూత్తా ఉండండి చాలు" అని మెల్లగా లాగేసుకునేవాడు. పదకొండింటికి పెసరట్టు, ఉప్మా. మూడింటికి టీతో పాటు బందరు లడ్డూ. ఆ పక్కనే జుబియాకి మాత్రం, "అమ్మాయ్, ఈ బిల్లు రాసిపెట్టు", "అమ్మాయ్, ఈ రైతుకి ఆ గేటువాల్వు తీసి చూపించు", "అమ్మాయ్, కాసేపు కౌంటరు చూసుకో, ఇప్పుడే వత్తా." ఆమెని కూతుర్లా చూసుకున్నారన్నమాట. మన ఇళ్ళల్లో అల్లుడికీ కూతురికీ ఉన్న తేడా మీకు తెలియంది కాదు.

ట్రైనీలు రోజూ ఒక డైరీ రాయాలని నీలం ఫైల్లో రూలుంది. జుబియా రాసేది ఒక పేజీలో పట్టేది కాదు. నతానియేలు పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, "ఈ రోజు కస్టమర్ల రాకపోకలు గమనించడమైనది" అని రాసేవాడు. మర్నాడు, "ఈ రోజు కూడా గమనించడమైనది." బసవపున్నయ్య డైరీ చదివేవాడు కాదు, కింద సంతకం పెట్టేవాడు.

ఇలా నాలుగు నెలలు సుఖంగా గడిచాయి. అబద్ధమెందుకు, నతానియేలుకి మొదట్లో బాగానే ఉంది. పామర్రులో ఆఫీసరన్నారు, ఇక్కడా అలాగే చూస్తున్నారు, రెండూ సరిపోయాయి అనుకున్నాడు. అక్టోబరులో ఒకరోజు మరియదాసు బయటికెళ్ళినప్పుడు ఉయ్యూరు నుంచి ఒక రైతు వచ్చాడు. ఒక ఇత్తడి ఫుట్‌వాల్వు చేతిలోకి తీసుకుని, మెత్త కుర్చీలో ఉన్నాడు కాబట్టి పెద్దాయనే అనుకుని నతానియేలుని అడిగాడు.

"బాబూ, ఇది మూడంగుళాల పైపుకి పడుద్దా?"

నతానియేలు ఫుట్‌వాల్వు వైపు చూశాడు. ఫుట్‌వాల్వు కూడా అతని వైపే చూస్తున్నట్టనిపించింది. నాలుగు నెలల్లో దాన్ని కొన్ని వందలసార్లు గమనించాడు, కానీ అదేమిటో, ఎక్కడ బిగిస్తారో తెలియదు.

"పడదండీ, అది రెండున్నర. మూడుది ఆ పై అరలో ఉంది, తీసిస్తా ఉండండి" అంది జుబియా, రాస్తున్న బిల్లులోంచి తలెత్తకుండానే.

రైతు ఆమె వైపు తిరిగాడు. ఇంకెప్పుడూ నతానియేలు వైపు తిరగలేదు. ఆ సాయంత్రం నతానియేలుకి లడ్డూ మింగుడు పడలేదు. ఇద్దరిలో ఒక్కరికే ఉద్యోగం. ఆ ఒక్కరు ఎవరో పామర్రులో అందరికీ తెలుసు, ఇక్కడ ఈ రైతుకి మాత్రం ఇంకోలా తెలిసింది. అతనికి నిజంగా భయం వేసింది.

సర్వీసు షెడ్డుకి మారగానే పని నేర్చుకుని తీరాలని పాత చొక్కా వేసుకుని వెళ్ళాడు. అంతోని అప్పటికే స్టూలు మీద పాత న్యూస్ పేపరు పరిచి, టేబుల్ ఫ్యాను అటు తిప్పి ఉంచాడు. నతానియేలు స్టూలు వైపు చూడకుండా తిన్నగా వెళ్ళి స్పానరు పట్టుకున్నాడు. అంతోని గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"సార్! ఏవిటి సార్ ఇది! మీ చేతికి గ్రీజంటితే ఆ పరువు తక్కువ ఎవరికి సార్? మాకు కాదా?"

స్పానరు లాక్కుని, అంటని గ్రీజుని కిరసనాయిలుతో తుడిచి, సబ్బుతో కడిగి, తువ్వాలు అందించాడు. తర్వాత గోలీసోడా తెప్పించాడు. నతానియేలు ఆర్నెల్లు ఫ్యాను ముందు కూర్చుని, కాలిపోయిన మోటార్లని జుబియా విప్పుతూ ఉంటే చూశాడు. రెండు కిలోలు పెరిగాడు. కాదు, నాలుగు.

1997 జూన్‌లో స్టోర్సుకి వచ్చేసరికి మిగిలింది ఆర్నెల్లే. ఇంక లాభం లేదని, పుల్లయ్య రాకముందే ఉదయం ఏడున్నరకి వెళ్ళి, అరల్లో ఏ సరుకు ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. నేర్చుకుందామని. ఎనిమిదింటికి పుల్లయ్య వచ్చి, కాబోయే ఆఫీసరు తన గోదాములో ఒంటరిగా నిచ్చెనెక్కి సరుకు లెక్క రాసుకోవడం చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏవన్నా తేడా వచ్చిందా అండీ?"

"అబ్బే, ఊరికే చూస్తున్నానండీ."

"ఊరికేనా..." అన్నాడు పుల్లయ్య. ఊరికే చూసేవాళ్ళ గురించి అతనికి చాలా తెలుసు.

మర్నాడు పుల్లయ్య ఇంటి నుంచి రెండు గిన్నెల క్యారియర్ బదులు నాలుగు గిన్నెలది వచ్చింది. ఒకదాన్నిండా గారెలు, ఇంకోదాన్నిండా అల్లప్పచ్చడి. నిచ్చెన మాయమైంది. నతానియేలు ఎంత పని చేయబోతే అంత అనుమానం, ఎంత అనుమానమైతే అంత మర్యాద. ఇందులోంచి బయటపడే దారి ఏ డిగ్రీలోనూ చెప్పరు.

చివరికి జుబియానే అడిగాడు. ఆమె ఆ రోజు రెండు లారీల సరుకు చూసి, అన్నం తినడానికి అప్పుడే కూర్చుంది.

"మీరదృష్టవంతులండీ. మీకు పనిస్తున్నారు" అన్నాడు.

జుబియా ముద్ద కిందపెట్టింది. "నేనా అదృష్టవంతురాల్ని? పన్నెండు నెలల్నించి ముగ్గురి పనీ నేనే చేస్తన్నా. నన్నెవరన్నా ఒక్కసారి కూర్చోమన్నారా? మీకు గారెలు, నాకు చాకిరీ. ఆఖర్న ఆర్డరు మాత్రం మీ పేరు మీదొస్తది."

"నాకు ఏమీ రాదండీ. ఒట్టు."

ఆమె అతని మొహం చూసింది. అది అబద్ధమాడే మొహం కాదు. కాస్త జాలేసింది, కాస్త నవ్వొచ్చింది.

"సరే. మధ్యాహ్నం వీళ్ళు కునుకు తీసే గంటా నా పని మీరు చెయ్యండి. ఆ గారెలిటు పెట్టండి."

అలా ఒప్పందం కుదిరింది. మూడు వారాలపాటు రోజుకో గంట నతానియేలు పని చేశాడు. లారీల్లో ఏ డీలరుకి ఏం ఎక్కించాలో హమాలీలకి చిట్టీ రాసిచ్చే పని. ఆ గంట కోసం మిగతా రోజంతా ఓర్చుకునేవాడు. జుబియాకి కూడా జీవితంలో మొదటిసారి ఆఫీసులో వేడి వేడి గారెలు తింటూ కాళ్ళు చాపుకునే యోగం పట్టింది.

జులై రెండో వారం, కాలవలకి నీళ్ళు సరిగా రాక రైతులంతా ఇంజన్ల కోసం కొట్టుకుంటున్న రోజులు. అవనిగడ్డ డీలరుకి పది సెట్లు, కైకలూరు డీలరుకి పది సెట్లు వెళ్ళాలి. సెట్టంటే ఒక ఆయిలింజనూ, ఒక పంపూ. నతానియేలు చిట్టీలు రాయబోతూ ఆలోచించాడు. ఒకే లారీలో ఇంజన్లూ పంపులూ కలగాపులగంగా ఎందుకు? ఏ రకం సరుకు ఆ రకంగా ఉంటే చూడ్డానికి చక్కగా ఉంటుంది కదా. ఇరవై ఇంజన్లూ కైకలూరు లారీకి, ఇరవై పంపులూ అవనిగడ్డ లారీకి రాశాడు. తన మొదటి సొంత ఆలోచన. చాలా సంతోషపడ్డాడు.

సాయంత్రం అవనిగడ్డ డీలరు ఫోన్ చేశాడు. "పంపులొచ్చినయ్యండీ, ఇరవై. వాటిని తిప్పడానికి మనుషుల్ని కూడా మీరే పంపుతారా, మమ్మల్నే చూసుకోమంటారా?"

బసవపున్నయ్య స్టోర్సు గుమ్మంలోకొచ్చి అరిచిన అరుపుకి పక్క లాడ్జి బాల్కనీలోకి జనం వచ్చారు. చిట్టీలు రాయడం జుబియా పని కాబట్టి మొదట ఆమెనే తిట్టాడు. ఆమె తల వంచుకుని నిలబడింది. కానీ చిట్టీ మీద చేతిరాత ఎవరిదో పుల్లయ్య చూశాడు. చూడగానే కాబోయే ఆఫీసర్ని కాపాడుకోవడానికి ముందుకురికాడు.

"తప్పు నాదండీ. నేనే సూసుకోలా."

"కాదండీ, నా కళ్ళజోడు మార్చాలండీ" అన్నాడు ఆ చిట్టీతో ఏ సంబంధమూ లేని మరియదాసు. అంతోని కూడా ఏదో ఒప్పుకోబోయాడు గాని, ఏం ఒప్పుకోవాలో తోచలేదు.

నతానియేలు సిగ్గుతో చచ్చిపోయాడు. తన తప్పుకి ఒక ఆడపిల్ల తిట్లు తింటోంది, ముగ్గురు పెద్దవాళ్ళు అబద్ధాలాడుతున్నారు. యజమాని గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ చిట్టీలు రాసింది తనేననీ, ఎందుకలా రాశాడో కూడా.

బసవపున్నయ్య అంతా విన్నాడు. కళ్ళు చెమర్చాయి. నీలం ఫైలు తెరిచి ఒకచోట వేలు పెట్టాడు. "తన కిందివారి పొరపాటును తనదిగా స్వీకరించువాడే నాయకుడు" అని ఉందట అక్కడ. లేచొచ్చి నతానియేలు భుజం తట్టాడు.

"నువ్వు రాయలేదని నాకు తెలుసయ్యా. చదువుకున్నోడు అట్టాంటి పని చేస్తాడా!"

బయటికొచ్చిన నతానియేలుతో జుబియా వారం రోజులు మాట్లాడలేదు. మధ్యాహ్నపు గంట కూడా రద్దయింది. మళ్ళీ కుర్చీ, మళ్ళీ క్యారియర్. ఈసారి అతను తినలేకపోయాడు.

డిసెంబరు మొదటి తేదీ వచ్చింది. యజమాని గదిలో ముగ్గురు పెద్దలూ, ఇద్దరు ట్రైనీలూ నిలబడ్డారు. ఆర్డరు టైపు చేసి ఉంది, పేరొక్కటే రాయాలి.

"నతానియేలు ఎట్టాంటివాడు?" అన్నాడు బసవపున్నయ్య.

"బంగారవండీ" అన్నాడు మరియదాసు. "ముత్యం" అన్నాడు అంతోని. "అట్టాంటి మనిషి మళ్ళీ పుట్టడండీ" అన్నాడు పుల్లయ్య.

"అయితే ఆయన్ని వేసేస్తున్నా. ముందుగా మీలో ఎవరి డిపార్టుమెంటు అప్పజెప్పమంటారు?"

మరియదాసు దగ్గాడు. "కౌంటరు సంగతైతే... జుబియమ్మనియ్యండి. ఆ పిల్ల లేకపోతే నాకు చెయ్యాడదండీ."

"షెడ్డుకీ ఆ అమ్మాయేనండీ" అన్నాడు అంతోని కంగారుగా.

"స్టోర్సుకి ఆ పిల్లని ముందడిగింది నేను" అన్నాడు పుల్లయ్య, అడక్కుండానే.

బసవపున్నయ్యకి అర్థం కాలేదు. "మరి నతానియేలు మీ దగ్గర ఏం చేశాడయ్యా?"

"కూర్చున్నారండీ."

"కూర్చుని?"

పుల్లయ్య బాగా ఆలోచించాడు. "సానా మర్యాదగా కూర్చున్నారండీ."

యజమాని నతానియేలు వైపు తిరిగాడు. నతానియేలుకి వాళ్ళ మీద కోపం లేదు. ఇంత ప్రేమగా తనని ఎవరూ చూసుకోలేదు, ఇంత నిండా ముంచిందీ ఆ ప్రేమే.

"నాకేమీ రాదండీ. వీళ్ళు చెయ్యనివ్వలేదు, మొదట్లో నేనూ గట్టిగా అడగలేదు. ఆ చిట్టీలు మాత్రం నిజంగా నేనే రాశాను."

బసవపున్నయ్య నీలం ఫైలు మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అందులో లేదు. మూసేసి, ఆర్డరు మీద జుబియా పేరు రాశాడు. జుబియా కాగితం తీసుకుని మూడుసార్లు చదివింది. తర్వాత మొదట అన్న మాట, "డిస్పాచికి నాకొక అసిస్టెంటు కావాలండీ."

"ఎవరు కావాలో నువ్వే చూసుకో" అన్నాడాయన నీరసంగా.

పుల్లయ్య మాత్రం గుమ్మం బయట గోడకి చేరగిలబడ్డాడు. ఏడాదిన్నరగా మేపింది ఎవరిని, ఆఫీసరైంది ఎవరు!

సాయంత్రం నతానియేలుకి వీడ్కోలు సభ జరిపారు. దండేసి, శాలువా కప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ముగ్గురూ ఏడ్చారు. నతానియేలు సఫారీ డ్రెస్సులో దండతో కూర్చుని, పామర్రు బస్సెక్కి వెళ్ళి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాడు. కొత్త ఆఫీసరు ఆ సభకి రాలేదు. ఆమెకి వీలవలేదు. గుడివాడ లారీ గుమ్మంలో ఉంది, హమాలీల్లో ఒకడు పెళ్ళికి పోయాడు, ఇంజను ఎత్తడానికి మిగిలింది ఒక్కడే.

"ఎవరన్నా ఒకళ్ళు చెయ్యి వెయ్యండి!" అని జుబియా కేక వినిపించింది.

స్వీటు ప్లేట్లతో ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. నతానియేలు లేచాడు. పుల్లయ్య పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మీకెందుకండీ! ఆఖర్రోజు కూడానా?"

"వదలండి పుల్లయ్యగారూ" అన్నాడు నతానియేలు. ఆ గొంతు పుల్లయ్య ఎప్పుడూ వినలేదు. వదిలేశాడు.

నతానియేలు వంగి ఇంజను ఒక చివర పట్టుకున్నాడు. జుబియా అతన్ని చూసింది, అతని దండనీ చూసింది. వద్దనలేదు.

"అట్టా కాదు. నడుంతో లేపమాకండి, మోకాళ్ళొంచండి. ముందు ఆ చెక్క కింద పెట్టండి. చెక్కండీ, చెక్క! కళ్ళు లేవా?"

పద్దెనిమిది నెలల్లో అతనికి ఎవరైనా పని చెప్పడం, తిట్టడం ఇదే మొదలు. నతానియేలుకి ఎక్కడలేని ఆనందం వచ్చింది. ఇంజను లారీలోకెక్కింది. మెడలో దండ మాత్రం దాని కింద పడి నలిగి, అతను లారీ అంచుకి కట్టేసినట్టు వంగి ఉండిపోయాడు. సఫారీ ముందు భాగమంతా గ్రీజు.

సరిగ్గా అప్పుడే బస్సు దిగి సంజీవరావు మాస్టారు వచ్చాడు. కొడుకు ఆఫీసరయ్యే రోజని గుర్తుపెట్టుకుని, గొడుగు పట్టుకుని, ఉతికిన పంచె కట్టుకుని పామర్రు నుంచి వచ్చాడాయన. ముందు దండ చూసి మొహం వికసించింది. తర్వాత ఇంజను చూశాడు.

"రేపు కూడా రానా అండీ?" అని వంగిన చోటు నుంచే అడుగుతున్నాడు నతానియేలు.

"ఏడున్నరకల్లా రండి. ఆ డ్రెస్సు మాత్రం వేసుకురామాకండి" అంది జుబియా, రెండో లారీ చిట్టీ రాసుకుంటూ.

"ఏవిట్రా ఇది?" అన్నాడు మాస్టారు.

నతానియేలు దండ తెంపుకుని నిలబడ్డాడు. చేతులు వెనక్కి దాచుకోలేదు.

"పనిలో చేరాను నాన్నా."

"చేరి ఏడాదిన్నరైందిగదరా!"

"లేదు నాన్నా. ఇవాళే చేరాను."